సున్నం కాలదు

మొన్న వర్లిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, నా పక్క కుర్చీలో కూర్చున్నాయన జిలేబీ కొరుకుతూ, "తేజాబ్ మాస్తరు పోయిండంట, ఇన్నరా?" అన్నాడు.

ఎదురుగా ఉన్నవాడు పూరీ తుంచడం ఆపకుండానే, "ఏ మాస్తరు? చాల్‌కు అగ్గి పెట్టినాయననా?" అని అడిగాడు.

"ఆఁ, ఆయననే."

"అరే, ఇన్ని దినాలు బతికే ఉన్నడా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వులో పగ ఏమీ లేదు. చచ్చిపోయిన మనిషిని గుర్తుపట్టడానికి వాళ్ళకు దొరికిన ఆనవాలు అదొక్కటే. అందుకే నాకు ఒళ్ళు మండింది.

"ఆయన పెట్టలేదు," అన్నాను.

"ఏంది?"

"చాల్‌కు అగ్గి ఆయన పెట్టలేదు."

"జానే దో అన్నా. ఎన్నేండ్లయితుంది. ఇప్పుడెవనికి గావాలె? జిలేబీ తిను, చల్లారిపోతుంది."

ఎవరికి కావాలో నాకు తెలియదు. నాకు కావాలి. వాళ్ళమీద అరిచి లేచి వచ్చేశాను గాని, బస్సులో కూర్చున్నాక తెలిసింది, అరవాల్సింది వాళ్ళమీద కాదని. ఆ అబద్ధం వాళ్ళు పుట్టించింది కాదు. దాన్ని పుట్టించిన మనిషి నేను. ఇంతకాలం నిజాన్ని మూసిపెట్టినవాణ్ణీ నేనే. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. ఒకసారి ఆ పేరు చెడగొట్టినవాణ్ణి, దాన్ని నా చేత్తో మళ్ళీ రాసే అర్హత నాకుందనుకోను.

మా చాల్, అంటే కూలీ కుటుంబాలుండే వరస గదుల మేడ, కామాటిపురాలో. గ్రాంట్ రోడ్ స్టేషన్లో దిగి నడిచి వచ్చేవాళ్ళం. సానివాడలను ఆనుకుని ఉన్న మా గల్లీ నంబరు చెప్తే బయటివాళ్ళ ముఖాలు ఒక రకంగా మారేవి. మాకు మాత్రం అది మా తాతలు పాలమూరు నుంచి వచ్చి, రాళ్ళు మోసి, సున్నం కలిపి, ఈ ఊరికి గోడలు లేపి, చివరికి తలదాచుకున్న చోటు. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, వయసులో ఉన్నప్పుడు కట్టడాల దగ్గర సున్నం తొట్టిలో దిగి తొక్కిన మనిషి. ఆమె పిక్కలమీద తెల్లటి మచ్చలుండేవి. ఆ మచ్చల సంగతి తర్వాత వస్తుంది.

మాస్తరు మొదటినుంచీ మా చాల్ మనిషి కాదు. డెబ్బైల చివర్లో వచ్చి, పాలమూరు కూలీలు నలుగురితో కలిసి మూడో అంతస్తులో ఒక గదిలో ఉండేవాడు. పగలు గల్లీ చివర ఒక చిన్న కార్ఖానాలో పని. సైకిల్ గంటలకు, తలుపు కొక్కేలకు నికెల్ పూత వేసేవాళ్ళక్కడ. పూతకు ముందు ఇనుమును తేజాబ్, అంటే ఆమ్లం, తొట్టిలో ముంచి తుప్పు వదిలిస్తారు. ఆ తొట్టి దగ్గర ఆయన పని. అందుకే ఆ పేరు. ఆయన చొక్కాలన్నీ జల్లెడల్లా ఉండేవి. తేజాబ్ చిందినచోటల్లా చిన్న చిన్న బెజ్జాలు. గోళ్ళు పసుపు రంగు. ఇంటర్ రెండుసార్లు తప్పాడని ఆయనే చెప్పేవాడు, దాచేవాడు కాదు. "నేను పరీక్షల తప్పిన. తొట్టి దగ్గర తప్పలే. తప్పితే ఈ కండ్లు ఉండేటివి కావు."

చాల్‌వాళ్ళ సంఘం మా మండలి. దాని గదిలో సాయంత్రాలు మున్సిపల్ తెలుగు బడి పిల్లలకు సైన్స్ చెప్పేవాడు. ఎవరూ చెప్పమని అడగలేదు. పిల్లలు పరీక్షకోసం "రసాయన చర్యలు నాలుగు రకములు" అని పాటలా వప్పజెప్పడం ఒకరోజు మెట్లమీద విన్నాడు. ఆగి, "ఒకటి చూపియ్యి," అన్నాడు. ఎవడూ చూపించలేకపోయాడు. మర్నాటినుంచి క్లాసు మొదలైంది. ఆ వప్పజెప్పిన పిల్లల్లో నేనొకణ్ణి.

ఆయన కోపిష్టి. అది దాచి ఆయన్ను దేవుణ్ణి చేయను. సుద్దముక్క విసిరితే గురి తప్పేది కాదు. కాని ఆ కోపమంతా ఒకేదానిమీద: చూడకుండా చెప్పేవాళ్ళమీద. సంయోగం అంటే పెళ్ళి, వియోగం అంటే విడాకులు అని బడిలో మా టీచరు చెప్పారని ఒకడన్నాడు. "పెండ్లి లేదు గిండ్లి లేదు. పెండ్లయితే గిన్నె వేడెక్కుతదా? ఇటు రా, చెయ్యి పెట్టు," అని వాణ్ణి లాక్కొచ్చి గిన్నె ముందు నిలబెట్టాడు.

చెయ్యి పెట్టడం అన్నాను గదా. ఆయన దేన్నైనా ముందు చేతి వెనకవైపుతో తాకేవాడు. టీ గ్లాసు, ఇస్త్రీపెట్టె, గోడ, జ్వరమొచ్చిన పిల్లాడి నొసలు, అన్నీ. వేళ్ళు ముడిచి, చెయ్యి తిప్పి, మెత్తగా ఆనించి, ఒక క్షణం కళ్ళు మూసుకునేవాడు. ఎవరితోనో రహస్యం మాట్లాడుతున్నట్టుండేది. ఎందుకలా అని అడిగాను ఒకసారి.

"అరచెయ్యి గుడ్డిది తమ్మి. మనోళ్ళయి అరచేతులు బండలైనయ్, వాటికి ఏం తెల్వది. పైగా కాలితే పట్టుకుంటది, ఇడవదు. ఎనక చెయ్యి అబద్ధమాడదు, కాలంగనే ఎనకకొస్తది."

చాల్ పిల్లలంతా ఆ అలవాటు పట్టాం. అమ్మలు తిట్టేవాళ్ళు, అన్నం పళ్ళెం ముందు కూడా చేతులు తిప్పుతున్నారని.

ఒక సాయంత్రం స్టీలు గిన్నెలో కాల్చిన సున్నపు రాళ్ళు నాలుగు వేసుకొచ్చాడు. కోడిగుడ్డు ఒకటి జేబులోంచి తీశాడు. పొయ్యి లేదు, స్టవ్వు లేదు. గుడ్డును రాళ్ళమధ్య పెట్టి, మమ్మల్ని దూరం జరగమని, చెంబుతో నీళ్ళు కొద్దికొద్దిగా పోశాడు. రాళ్ళు పగిలాయి. బుసబుసమని పొగ. గిన్నె గోడలకు చేతులు వెనక్కి తిప్పి ఆనించి, మేమంతా ఒక్కసారే లాక్కున్నాం. కొంతసేపటికి పట్టకారుతో గుడ్డు తీసి, కడిగి, పెంకు వలిచాడు. తెల్లసొన గట్టిపడి ఉంది.

"ఎవడు తింటడు?"

ఎవరూ కదల్లేదు. నేను చెయ్యి చాచాను. తిన్నాను. ఉడికిన గుడ్డు రుచే.

"అగ్గి లేకుంట గుడ్డెట్ల ఉడికింది?" అని అడిగాడు.

"సున్నంల వేడి పుట్టింది సార్. ఉష్ణమోచక చర్య."

"పుట్టలే. ఎక్కడిదది? బట్టీల రాయిని కాలుస్తరు, గదా? రాయి ఊరికే సున్నం గాదు. వేడి తినిపియ్యాలె. రోజులకు రోజులు తింటది. గాలి ఇడిచిపెట్టి సున్నమైతది. అది వియోగం, వేడి తినేది. నీళ్ళు తగిలిననాడు ఆ తిన్నదంతా కక్కుతది. ఇది సంయోగం. వేడి ఎక్కడికి పోదు తమ్మి. ఎప్పుడో అప్పుడు, ఎవడో ఒకడు మొయ్యాలె."

ఆ గుడ్డు తిన్నది నేను. ఈ సంగతి చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. సున్నానికి నీళ్ళు తగిలితే ఏమవుతుందో నాకు తెలియదనే సాకు కూడా నాకు లేదు.

ఇంకోరోజు నిమ్మరసంలో వంటసోడా వేసి, నురగ పొంగుతున్న గ్లాసును మా చెంపలకు ఆనించాడు. చల్లగా తగిలింది. "ఇది మీ దగ్గర తీసుకుంటున్నది. అన్ని చర్యలు ఇచ్చేటియే ఉండయ్, మనుషుల్లెక్క." మైలుతుత్తం నీళ్ళలో ఇనుప మొల వేసి కిటికీలో పెట్టేవాడు. మర్నాటికి మొల ఎర్రగా రాగిపూత పట్టేది, నీలం వెలిసేది. వెండిపూత వేసే ఒకాయన్ను అడిగి సీసాలో అడుగున వెండి ద్రావణం నాలుగు చుక్కలు తెచ్చి, ఉప్పునీళ్ళలో వేసి, తెల్లగా విరిగింది చూపించాడు. "ఇద్దరు ఇద్దరి జాగలు మార్చుకున్నరు. ద్వంద్వ వియోగం. రాసుకోకు, చూడు ముందు." ఎప్పుడూ అదే మాట. చూడు ముందు.

పక్క గల్లీలోంచి ఇద్దరు ఆడపిల్లలు వచ్చి వెనక బెంచీలో కూర్చోవడం మొదలైంది. వాళ్ళ తల్లులు ఏం చేసేవాళ్ళో మా చాల్‌లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మండలి అధ్యక్షుణ్ణి ముకాదం అని పిలిచేవాళ్ళం. కట్టడాల కాంట్రాక్టులు చేసేవాడు, మా చాల్‌లో ఆయన మాటే చెల్లేది. ఒకరోజు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్తరు, ఆ పోరీలు ఈ గదిల కూసుంటే బాగుండదు. మన ఇండ్లల్ల ఆడపిల్లలున్నరు."

"అందుకే కూసోబెట్టిన. ఆడపిల్లల పక్కన ఆడపిల్లలు."

"నా మాట అర్థమైతలేదా?"

"అయింది ముకాదం. మొల ఏసినప్పుడు మైలుతుత్తం అడగదు, ఇది ఏ గల్లీ మొల అని."

పిల్లలు కిసుక్కుమన్నారు. ముకాదం నవ్వలేదు. ఆరోజునుంచి మాస్తరును ఎలా పంపించాలా అని చూస్తున్నాడని మా అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే అప్పటికి నేను మండలి కార్యదర్శిని. చాల్‌లో మొదటి బీఎస్సీని. ఒక రంగుల కార్ఖానా ల్యాబులో నాకు ఉద్యోగానికి మాట చెప్తానని ముకాదం అన్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆయనకు కనిపించి వచ్చేవాణ్ణి.

బీఎస్సీ పాసైన రోజు మాస్తరుకు పేడాలు తీసుకెళ్ళాను. క్లాసు జరుగుతోంది. పేడా నోట్లో వేసుకుని, "సున్నం ఎందుకు వేడెక్కుతదో చెప్పు," అన్నాడు. నేను సమీకరణం చెప్పాను, కిలోజౌళ్ళతో సహా, ఇంగ్లీషులో. పిల్లలు నోరు తెరిచి విన్నారు.

"చదువుకున్నవ్ తమ్మి. మంచిగ చదువుకున్నవ్," అన్నాడు. "ఇంగ చూడనేర్వు."

పిల్లల ముందు అన్నాడు. ఆయన ఉద్దేశం ఏమైనా గాని, నాకు చెంప పగిలినట్టయింది. ఇంటర్ తప్పిన మనిషి నాకు చెప్పడమేమిటనిపించింది. ఆ మంట లోపల పెట్టుకున్నాను. తర్వాత నేను చేసినదానికి ముకాదం ఉద్యోగం ఎంత కారణమో, ఈ ఒక్క మాట అంత కారణం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం.

ఎనభైల నడిమిలో, ఒక దసరాకు ముందు. ప్రతి ఏడూ దసరాకు చాల్ అంతటికీ సున్నం వేయడం మా ఆనవాయితీ. సున్నం పని తెలిసిన కులం మాది, బయటివాళ్ళను పిలిస్తే పరువు తక్కువ. అందరూ కలిసి నానబెట్టి, అందరూ కలిసి కొట్టేవాళ్ళం. కాల్చిన రాతి సున్నం బస్తాలు తెప్పించే బాధ్యత కార్యదర్శిది. అంటే నాది.

బస్తాలు హాత్‌గాడీలో, తోపుడుబండి మీద వచ్చాయి. వాటిని ఎప్పుడూ మండలి గదిలోనే పెడతాం, పొడిగా ఉంటుందని. ఆ సాయంత్రం మాస్తరు క్లాసు నడుస్తోంది.

"గది ఖాళీ చేయండి సార్. బస్తాలు పెట్టాలె."

"ఒక మూలకు పెట్టు. మేం సర్దుకుంటం."

"పిల్లలుండంగ ఎట్ల పెడత? బయటికి పంపుండ్రి."

"పరీక్షలున్నయ్ తమ్మి. మూలకు పెట్టరాదు, మేం జరుగుతం."

మూలకు పెట్టొచ్చు. చోటుంది. కాని నాకు ఆయన్ను లేపాలని ఉంది. ఆయన లేవలేదు. నేను హమాలీతో ఆ బస్తాలన్నీ మెట్లకింద పెట్టించాను. మావి చెక్కమెట్లు. కింద గణపతి మండపం గుడ్డలు, వెదుళ్ళు కుక్కి ఉండేవి. సరిగ్గా పైన మొదటి అంతస్తు మోరి. చాల్ ఆడవాళ్ళంతా అక్కడే బట్టలుతికేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు. దాని గొట్టం కారుతుందని కార్యదర్శిగా నాకు ఫిర్యాదులు వస్తూనే ఉండేవి.

మూడో రోజు పొద్దున మాస్తరు పనికి పోతూ మెట్లకింద ఆగాడు. వంగి, చెయ్యి తిప్పి, బస్తాకు ఆనించాడు. తర్వాత రెండో బస్తాకు. నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు చూశారు. ఆయన మళ్ళీ పైకెక్కి మా గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. నేను అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాను. అవ్వ గుమ్మం పక్కనే కూర్చుని ఉంది.

"బస్తాలు వేడెక్కినయ్ తమ్మి. పైనుంచి మోరి నీళ్ళు పడుతున్నయ్. ఇయ్యాల్నే తీయించు. ఇప్పుడే తీయించు."

నేను అద్దంలోంచే చూశాను. "సున్నం గురించి నాకు చెప్తరా సార్? నేను బీఎస్సీ."

ఆయన కోప్పడలేదు. అదే ఆశ్చర్యం. "బీఎస్సీవే. అందుకే నీ దగ్గరికొచ్చిన. కిందికొచ్చి చెయ్యి పెట్టి చూడు."

"చూస్త. మీరు పోండి."

పనికి ఆలస్యమవుతోందేమో, వెళ్ళిపోయాడు. నేను కిందికి దిగాను గాని బస్తాల వైపు తల తిప్పలేదు. ముకాదాన్ని కలవడానికి పోయాను.

మధ్యాహ్నం మంటలు లేచాయి. మొదట గోనెసంచి, తర్వాత మండపం గుడ్డలు, తర్వాత మెట్లు. నేను తిరిగి వచ్చేసరికి గల్లీ నిండా జనం. ఆడవాళ్ళు బకెట్లు నింపుతున్నారు, మగవాళ్ళు అందుకుని విసురుతున్నారు. నేనూ వరసలో నిలబడ్డాను. అంతలో మాస్తరు కార్ఖానా నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి, మెట్లకు మాకు మధ్య రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"నీళ్ళు పొయ్యకుండ్రి. అది సున్నం. పోసినకొద్ది లేస్తది. ఇసుక తెండ్రి, గల్లీ చివర కుప్ప ఉన్నది, ఇసుక."

"పాగల్ అయిండు మాస్తరు. పక్కకు తప్పుకో."

"నీళ్ళు పొయ్యకుండ్రి అంటున్న. నా మాట ఇనుండ్రి."

వినలేదు. ఎవరో ఆయన్ను గల్లా పట్టి పక్కకు లాగారు. మూలగదిలో ఉండే, మేమంతా వదిన అని పిలిచే ఆమె ముందుకొచ్చి చెయ్యి చాచింది. నేను నా చేతిలోని నిండు బకెట్ ఆమెకు అందించాను. ఆమె విసిరింది. కాలని బస్తా ఒకటి అప్పుడు పగిలింది. మరిగే సున్నం ఎగిరి ఆమె పాదాలమీద పడింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తర్వాత ఇసుక వచ్చింది, ఫైర్ బ్రిగేడ్ వచ్చింది. ప్రాణాలు పోలేదు. వదిన మాత్రం చనిపోయేదాకా కుంటుతూనే నడిచింది. బకెట్ అందించిన చేతులు నావి. ఆమెకు ఆ సంగతి తెలుసు. నన్ను ఒక్కమాట అనలేదు, ఆమెకు ఆ తప్పు మాస్తరుదే అని చెప్పి ఉంచాం గదా.

మూడు రోజుల తర్వాత మండలి గదిలో సమావేశం. మగవాళ్ళు లోపల, ఆడవాళ్ళు గుమ్మం బయట. ముకాదం మూడు మాటలు చెప్పాడు. ఒకటి, మంటలు లేచిన రోజు పొద్దున మాస్తరు బస్తాల దగ్గర వంగి ఏదో చేశాడు, చూసినవాళ్ళున్నారు. రెండు, మంటలు ఆర్పుతుంటే నీళ్ళు పోయొద్దని అడ్డం నిలబడ్డాడు, అందరూ చూశారు. మూడు, ఆయన గదిలో తేజాబ్ సీసాలున్నాయి. మూడూ జరిగినవే. ఒక్కటీ అబద్ధం కాదు.

మాస్తరు గోడకానుకుని నిలబడ్డాడు. "సున్నం తడిసింది. వేడికి సంచులంటుకున్నయ్. ఆ పొద్దున్నే చెప్పిన," అన్నాడు.

"ఎవరికి చెప్పినవ్?"

నా వైపు చూశాడు. వేలెత్తి చూపించలేదు, చూశాడంతే. "బీఎస్సీ పిలగాణ్ణి అడుగుండ్రి. ఆనికి తెలుసు."

ఆయన నన్ను సాక్షిగా పిలిచాడు. ఇరికించడానికి కాదు. నిజం చెప్తాననే నమ్మకంతో పిలిచాడు. గదిలో అందరూ నావైపు తిరిగారు.

ముకాదం అడిగాడు: "చెప్పు తమ్మి, నువ్వు చదువుకున్నోనివి. సున్నం కాలుతదా?"

ఆ ప్రశ్న ఆయన తెలివిగా అడిగాడో, తెలియక అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం తలుపు తెరిచినట్టయింది.

"కాలదు," అన్నాను.

అది నిజం. ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. సున్నం మండే పదార్థం కాదు. నేను అబద్ధం ఒక్క అక్షరం ఆడలేదు. తర్వాతి వాక్యం చెప్పలేదు, అంతే. ఎవరూ అడగలేదు కూడా. సున్నం కలిపి ఈ ఊరు కట్టినవాళ్ళ మనవలు, ఒక గది నిండా ఉండి, సున్నం గురించి ఒక డిగ్రీ కాగితాన్ని అడిగి తృప్తిపడ్డారు. వాళ్ళమీద నాకు ఈనాటికీ కోపమే. వాళ్ళకు తెలియక కాదు, ఆ ఇద్దరు ఆడపిల్లలను వెనక బెంచీనుంచి లేపాలంటే తెలియకపోవడమే వాళ్ళకు అనుకూలం. కాని వాళ్ళకు ఆ వీలు ఇచ్చిన మాట నాది.

మాస్తరు నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. వేళ్ళు ముడిచి, చెయ్యి తిప్పి, నా చెంపకు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక క్షణం. చెయ్యి తీసి, బయటికి పోయాడు. సాయంత్రానికల్లా గది ఖాళీ చేయించారు. కుర్రాళ్ళు ఆయన సీసాలు మోరీలో పగలగొట్టారు. కిటికీలో మొల ఉన్న గ్లాసు కూడా విసిరేశారు. క్లాసు మళ్ళీ జరగలేదు. రంగుల కార్ఖానాలో ఉద్యోగం నాకు వచ్చింది.

ఆ రాత్రి అన్నాల తర్వాత, రోజూలాగే, అవ్వకు తమలపాకు తీసి సున్నం రాస్తున్నాను. ఆమె వక్క కత్తిరిస్తూ, "సున్నం కాలదా బిడ్డా?" అంది. గుమ్మం పక్కన కూర్చున్న మనిషి. మంటలు లేచిననాటి పొద్దున మాస్తరు వచ్చి చెప్పింది విన్న మనిషి.

నేను ఆకు మడుస్తూనే ఉన్నాను. ఆమె చీర కొంచెం పైకి లాగి పిక్కలు చూపించింది. "మరి ఇవి ఎట్ల కాలినయ్?"

"గదిల ఎందుకు చెప్పలేదు అవ్వా?"

"మా ఆడోళ్ళను అడిగిండ్రా? నిన్నడిగిన్రు."

ఆకు అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నీ చేతి సున్నం వద్దు." తర్వాత ఆమె బతికిన నాలుగేళ్ళూ తన ఆకుకు తనే రాసుకుంది. చేతులు వణికి సున్నం చీరమీద పడేది. అయినా నన్ను పిలవలేదు.

మాస్తరును మళ్ళీ ఒక్కసారే చూశాను. ఎనభైల చివర్లో, గ్రాంట్ రోడ్ స్టేషన్ వంతెనమీద. సాయంత్రం రద్దీ. ఎదురుగా వస్తున్నాడు. అదే బెజ్జాల చొక్కా, జుట్టు సగం తెల్లబడింది. తప్పించుకోవడానికి చోటు లేదు.

"బాగున్నరా సార్?"

ఆగాడు. జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. క్లాసులో అడిగినట్టే అడిగాడు.

"సున్నం కాలుతదా?"

రెండేళ్ళు ముందే కలిసి ఉంటే, లేక ఆ వంతెనమీద ఇంకొక్క నిమిషం ఉండి ఉంటే, చెప్పేవాణ్ణని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నాకు నిమిషం దొరికింది. ఆయన నా నోటివైపు చూస్తూ నిలబడ్డాడు. పరీక్ష పేపరు చూస్తున్నట్టు, నేను మిగతా సగం రాస్తానేమో అని ఎదురు చూశాడు.

"కాలదు సార్," అన్నాను.

"పాసైనవ్," అన్నాడు. పోయాడు.

పెళ్ళినుంచి వచ్చిన మర్నాడు విచారించాను. చివరి రెండేళ్ళు ఆయన్ను తన దగ్గర పెట్టుకుని చూసుకున్నది ఆ పక్క గల్లీ పిల్లలలో ఒకామెనట. ఇప్పుడు ఒక బడిలో సైన్స్ టీచరు. చదువు చెప్పడానికి ఆయనకు గది ఇచ్చిన మా మండలిలో ఒక్కడూ చూడ్డానికి పోలేదు. నేనూ పోలేదు. ఇది ఆమె కంటపడితే నా దగ్గరికి రానక్కరలేదు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు సగమే రాసి పాసైనవాణ్ణి. మిగతా సగం ఇదిగో, తన బడి పిల్లలకు చదివి వినిపిస్తే చాలు.

సున్నం కాలదు సార్. నీళ్ళు తగిలితే, బట్టీలో తిన్న వేడినంతా కక్కి, పక్కనున్నదాన్ని కాలుస్తుంది. బస్తాలు మెట్లకింద పెట్టించింది నేను. వేడెక్కాయని ఆరోజు పొద్దున మీరు నాకు చెప్పారు. నేను చెయ్యి పెట్టి చూడలేదు.